డంపులు కొనకండి, ల్యాబ్‌లో లింకు తెంపి చూడండి

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. పాలిటెక్నిక్‌లో ఈసీఈ డిప్లొమా చేసి, హైదరాబాద్‌లో ఒక బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్‌గా పనిచేస్తూ ఎర్రగడ్డలో గది తీసుకుని ఉంటున్నాను. అమీర్‌పేటలో సీసీఎన్‌ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) కోర్సు పూర్తిచేసి గత నెలలో పరీక్ష రాస్తే ఫెయిలయ్యాను. స్కోర్ రిపోర్టులో నెట్‌వర్క్ యాక్సెస్ పర్వాలేదు గానీ ఐపీ కనెక్టివిటీలో చాలా తక్కువ వచ్చింది. డంపులు (దొంగతనంగా బయటికి వచ్చిన పరీక్ష ప్రశ్నల ఫైళ్లు) తెచ్చుకుని వారం రోజులు చదివితే పాసైపోతావని ఇన్‌స్టిట్యూట్‌లో సార్ అంటున్నారు. నెట్‌వర్కింగ్‌కు రోజులు పోయాయి, క్లౌడ్‌కు మారమని రూమ్మేట్ అంటున్నాడు. నాకు రోజుకు రెండు గంటలకు మించి తీరిక దొరకదు. తెలుగు మీడియంలో చదివినందువల్ల ఇంగ్లిషు ప్రశ్నలు అర్థమవడానికి సమయం పడుతోంది. మళ్లీ రాయాలా? రాస్తే ఎలా చదవాలి?

సమాధానం: మళ్లీ రాయండి. డంపులు మాత్రం కొనకండి. క్లౌడ్ గురించి ఇప్పుడే ఆలోచించనక్కర లేదు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది స్కోర్ రిపోర్టు గురించి మీరు రాసిన ఒక్క వాక్యం. మీరు ఎక్కడ ఆగిపోయారో, ఇకమీదట ఎలా చదవాలో రెండూ అందులోనే ఉన్నాయి.

సిస్కో ప్రకటించిన సిలబస్‌లో ఐపీ కనెక్టివిటీకి, అంటే ముఖ్యంగా రౌటింగ్‌కు, 25 శాతం వెయిటేజీ ఉంది. నెట్‌వర్క్ ఫండమెంటల్స్‌కు 20, నెట్‌వర్క్ యాక్సెస్‌కు 20, సెక్యూరిటీకి 15, ఐపీ సర్వీసెస్‌కు 10, ఆటోమేషన్‌కు 10 శాతం. అంటే మీకు తక్కువ మార్కులు వచ్చింది అన్నిటికన్నా పెద్ద భాగంలో. నెట్‌వర్క్ యాక్సెస్‌లోని వీల్యాన్లు (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్కులు), ట్రంకులు (వాటన్నిటినీ మోసే లింకులు) వంటి విషయాలను క్లాసులో చెప్పిన వరుసలో కమాండ్లు గుర్తుపెట్టుకుని కూడా చాలావరకు నెట్టుకురావచ్చు. రౌటింగ్ దగ్గర ఆ పద్ధతి సాగదు. అక్కడ ప్రశ్న ఒక రౌటింగ్ టేబుల్‌ను (ఏ చిరునామాకు ఏ దారి అని రూటర్ పెట్టుకునే పట్టిక) మీ ముందు పెట్టి, ఈ ప్యాకెట్ ఏ దారిన పోతుందో నిర్ణయించమంటుంది. ఆ టేబుల్‌ను మీరు అంతకుముందు ఎన్నడూ చూసి ఉండరు. కాబట్టి మీకు జ్ఞాపకశక్తి చాలలేదని అనుకోకండి. రూటర్ ఎలా నిర్ణయం తీసుకుంటుందో చేతితో చేసి చూసిన అనుభవం చాలలేదు, అంతే. ఆ లోటును డంపులు తీర్చలేవు.

డంపుల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ సార్ చెప్పిన మాట అమీర్‌పేట చుట్టుపక్కల చాలామంది పిల్లలు వింటున్న మాటే. దొంగిలించిన పరీక్ష ప్రశ్నలతో సిద్ధమవడం సిస్కో నిబంధనలకు విరుద్ధం. పరీక్షకు ముందు మీరు అంగీకరించే ఒప్పందంలోనే ఆ సంగతి ఉంటుంది. బయటపడితే ఫలితాన్ని రద్దు చేసే అధికారం, ఆ తర్వాత పరీక్షలు రాయనివ్వకుండా నిషేధించే అధికారం వాళ్లకు ఉన్నాయి. పైగా అమ్మకానికి పెట్టిన ఫైళ్లలో తప్పు జవాబులు కూడా కనిపిస్తాయి, వాటిని సరిదిద్దే దిక్కు ఎవరూ ఉండరు. ఇవన్నీ పక్కన పెట్టినా నాకు అసలు బాధ కలిగించేది ఇంటర్వ్యూ గది. కొత్తవాళ్లను ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు నేను తరచుగా ఒక ప్రశ్న అడుగుతాను: ఇప్పుడే ఆన్ చేసిన కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి ఒక వెబ్‌సైటు పేరు టైప్ చేస్తే, మొదటి ప్యాకెట్ ఆ ఇంటి రూటర్ దాటి వెళ్లేలోపు ఏమేం జరుగుతుంది? డీహెచ్‌సీపీ నుంచి ఐపీ చిరునామా రావడం, గేట్‌వే (ఇంటి రూటర్) మ్యాక్ అడ్రస్, అంటే హార్డ్‌వేర్ చిరునామా, కోసం ఏఆర్‌పీ అడగడం, పేరుకు ఐపీ చిరునామా కోసం డీఎన్‌ఎస్‌ను అడగడం, ఆపైన ఇంటి లోపలి చిరునామాను బయటి చిరునామాగా మార్చే నాట్ అనువాదం, ఇవన్నీ వరుసగా చెప్పగలిగినవాడికి నేను ఇంకో ప్రశ్న వేయకుండానే సగం మొగ్గుతాను. సర్టిఫికెట్ చేతిలో ఉండి కూడా ఈ ప్రశ్న దగ్గర నీళ్లు నమిలేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఇంటి దగ్గర డబ్బు అడిగి, గది అద్దె కట్టుకుని, నెలల తరబడి కష్టపడి చివరికి ఆ స్థితిలో కూర్చోవడం ఎవరికీ వద్దు.

ఇక చదవవలసిన తీరు. మొదట రౌటింగ్ టేబుల్ చదవడం మీకు కొట్టిన పిండి కావాలి. ఒక ఉదాహరణ తీసుకోండి. రూటర్‌లో మూడు దారులు ఉన్నాయనుకుందాం: 10.1.0.0/16 ఓఎస్‌పీఎఫ్ ద్వారా, 10.1.1.0/24 స్టాటిక్ రౌట్‌గా, 10.1.1.64/26 రిప్ ద్వారా తెలిశాయి (ఓఎస్‌పీఎఫ్, రిప్ అనేవి రూటర్లు దారులను ఒకదానికొకటి చెప్పుకునే ప్రోటోకాల్‌లు, స్టాటిక్ అంటే మనం చేతితో రాసిన దారి). 10.1.1.70కి వెళ్లవలసిన ప్యాకెట్ వచ్చింది. ఎటు పోతుంది? అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ (సమాచారం వచ్చిన మూలాన్ని రూటర్ ఎంత నమ్ముతుందో చెప్పే అంకె, తక్కువైతే ఎక్కువ నమ్మకం) పట్టికను కంఠస్థం చేసిన విద్యార్థి స్టాటిక్‌కు 1, ఓఎస్‌పీఎఫ్‌కు 110, రిప్‌కు 120 అని గుర్తుచేసుకుని వెంటనే స్టాటిక్ అంటాడు. అది తప్పు. ప్యాకెట్ రిప్ చెప్పిన దారినే పోతుంది, ఎందుకంటే 70 అనే చిరునామా 64 నుంచి 127 వరకు ఉన్న /26లో ఇముడుతుంది, గమ్యానికి సరిపోయే దారుల్లో ప్రిఫిక్స్ పొడవు (స్లాష్ తర్వాతి అంకె) ఎక్కువగా ఉన్నదాన్నే రూటర్ ఎంచుకుంటుంది. అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ అవసరమయ్యేది అంతకుముందు దశలో: ఒకే ప్రిఫిక్స్ గురించి, అదే పొడవుతో, రెండు వేర్వేరు మార్గాల్లో సమాచారం వచ్చినప్పుడు వాటిలో దేన్ని టేబుల్‌లో పెట్టుకోవాలో తేల్చడానికి. ఒకే ప్రిఫిక్స్‌కు ఒకే ప్రోటోకాల్ రెండు దారులు చెబితే రూటర్ మెట్రిక్ (ఆ దారి ఖరీదు లెక్క) చూస్తుంది. ఈ క్రమం స్పష్టంగా మనసుకు పట్టిందంటే మీరు గత నెలలో పోగొట్టుకున్న మార్కుల్లో మంచి భాగం తిరిగి వస్తుందని నా నమ్మకం.

రెండోది ఓఎస్‌పీఎఫ్. సిలబస్ అడిగేది ఒకే ఏరియాలో ఓఎస్‌పీఎఫ్ వెర్షన్ 2 మాత్రమే కాబట్టి విస్తారం చూసి భయపడనక్కర లేదు, కానీ లోతుగా తెలియాలి. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకుంటే ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో రెండు రూటర్లను ఈథర్‌నెట్ లింకుతో కలిపి ఓఎస్‌పీఎఫ్ పెట్టండి. షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్ అనే కమాండ్ ఇస్తే ఫుల్ అనే స్థితి, అంటే పొరుగు బంధం పూర్తిగా కుదిరినట్టు, కనిపిస్తుంది. చాలామంది అక్కడితో ల్యాబ్ అయిపోయిందనుకుని ఫైలు మూసేస్తారు. మీరు అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఒక రూటర్‌పై హెలో టైమర్‌ను (పొరుగు రూటర్‌కు పలకరింపు పంపే విరామం, సెకన్లలో) 10 నుంచి 15కు మార్చి కూర్చోండి. వెంటనే ఏమీ జరగదు. అవతలి రూటర్ డెడ్ టైమర్ 40 సెకన్లు, ఆ గడువు కరిగిపోయాక పొరుగు బంధం తెగిపోతుంది. టైమర్‌ను తిరిగి సరిచేసి, ఈసారి ఒకవైపు ఏరియా నంబరు మార్చండి. తర్వాత సబ్‌నెట్ మాస్క్ మార్చండి. రెండు రూటర్లకూ ఒకే రూటర్ ఐడీ ఇచ్చి చూడండి. ఒకవైపు ఇంటర్‌ఫేస్‌ను పాసివ్‌గా (హెలోలు పంపనిదిగా) మార్చండి. ప్రతిసారీ తెరపై ఏ లక్షణం కనిపించిందో, ఏ కమాండ్ ఇస్తే కారణం దొరికిందో ఒక నోట్‌బుక్‌లో చేతిరాతతో రాసుకోండి. మీరు చదివిన ఏ పుస్తకం కన్నా ఆ నోట్‌బుక్ మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇక్కడ మీ ఉద్యోగం మీకు ఇచ్చిన బలం ఒకటి ఉంది. దాన్ని మీరు గమనించినట్టు ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే పద్ధతి) మీద నడిచే ఇళ్లలో రూటర్ ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కు ఉండగల గరిష్ఠ పరిమాణం) 1492 అని ఉండటం మీరు చూసే ఉంటారు. ఈథర్‌నెట్‌లో మామూలుగా ఉండే 1500 బైట్లలో 8 బైట్లు పీపీపీఓఈ హెడర్లకు పోతాయి. ఆ లెక్క కుదరనప్పుడు పింగ్ బాగానే వస్తుంది, కొన్ని సైట్లు మాత్రం తెరుచుకోవు, కస్టమర్ మీకు ఫోన్ చేస్తాడు. ఓఎస్‌పీఎఫ్‌లో కూడా రెండువైపులా ఎంటీయూ వేరుగా ఉంటే ఇలాంటి చిక్కే వస్తుంది: రూటర్లు హెలోలు మార్చుకుంటాయి, పొరుగువాళ్లుగా గుర్తిస్తాయి, తీరా డేటాబేస్ మార్చుకోవలసిన చోట ఎక్స్‌స్టార్ట్ అనే ప్రారంభ స్థితిలో ఇరుక్కుపోతాయి. పీపీపీఓఈ మీ సిలబస్‌లో లేదు గానీ ఎంటీయూ అంటే ఏమిటో మీకు ఇంటింటికీ తిరిగి తెలిసింది. అలాగే రూటర్ వ్యాన్ (బయటి ఇంటర్నెట్) వైపు 100.64తో మొదలయ్యే చిరునామా కనిపించే కనెక్షన్లు కూడా మీకు తగిలే ఉంటాయి. సర్వీస్ ప్రొవైడర్లు తమ స్థాయిలో మరోసారి నాట్ చేసేందుకు 2012లో కేటాయించిన 100.64.0.0/10 బ్లాక్ అది. సీసీ కెమెరాను బయటి నుంచి చూడలేకపోతున్నానని కస్టమర్ ఫిర్యాదు చేస్తే, పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేదాన్ని లోపలి పరికరానికి పంపే అమరిక) ఎందుకు పనిచేయడం లేదో ఈ ఒక్క విషయంతో మీరు వివరించగలరు. మీరు రోజూ చేసే మరమ్మతుల్లో ఏది ఏ అధ్యాయానికి చెందుతుందో జతపరుచుకుంటూ చదవండి, పాఠం వెంటనే మనసులో నిలుస్తుంది.

సబ్‌నెట్టింగ్ (చిరునామాల బ్లాకును చిన్న భాగాలుగా విడదీసే లెక్క) విషయంలో నాది కొంచెం పట్టుదల. ఇది తెలిస్తే చాలదు, వేగంగా రావాలి. 192.168.10.77/27 అని చూడగానే బ్లాకు 32, కాబట్టి నెట్‌వర్క్ 64, బ్రాడ్‌కాస్ట్ 95, హోస్టులకు 65 నుంచి 94 వరకు అని అర నిమిషం లోపు కాగితం మీద పడాలి. ఏ లెక్కకు ఎంత సమయం పట్టిందో ఫోన్‌లో టైమర్ పెట్టుకుని చూసుకుంటూ, ప్రతిరోజూ చదువు మొదలుపెట్టే ముందు కొన్ని లెక్కలు చేయండి. పరీక్ష 120 నిమిషాలు. ఒక ప్రశ్న దాటి ముందుకు వెళ్లాక వెనక్కి రావడం కుదరదు. సబ్‌నెట్ లెక్కలో తడబడి పోగొట్టుకున్న నిమిషాలు చివర్లో రౌటింగ్ ప్రశ్నలకు కరువవుతాయి. బహుశా మీకు గత నెలలో జరిగిందీ అదే కావచ్చు. కమాండ్లు ఇచ్చి పని చేసి చూపించవలసిన ల్యాబ్ ప్రశ్నలు కూడా వస్తాయి, వాటికి మామూలు ప్రశ్న కన్నా ఎక్కువ సమయం పక్కన పెట్టుకోవాలి.

చేతిలో ఉన్న నోట్సును ఒకసారి సిస్కో వెబ్‌సైటులోని తాజా సిలబస్ పక్కన పెట్టి చూడండి. ఇప్పుడున్న 200-301 పరీక్ష 2020 ఫిబ్రవరిలో వచ్చింది, 2024 ఆగస్టులో దాన్ని 1.1 వెర్షన్‌గా సవరించారు. రిప్, ఈఐజీఆర్‌పీ కాన్ఫిగరేషన్లు, ఫ్రేమ్ రిలే మొదలైనవి ఇప్పటి సీసీఎన్‌ఏలో లేవు. కొన్ని చోట్ల ఇప్పటికీ పాత ఫోటోస్టాట్ నోట్సుతో వాటికే వారాలు ఖర్చుపెడుతున్నారు. కొత్త వెర్షన్‌లో పప్పెట్, షెఫ్ అనే ఆటోమేషన్ సాధనాల స్థానంలో టెర్రాఫామ్ వచ్చింది, నెట్‌వర్క్ నిర్వహణలో కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్ పాత్ర గురించిన అంశం చేరింది. ఆటోమేషన్ భాగంలో జేసన్ (డేటాను రాసే ఒక పద్ధతి) ఫైలును చదివి అర్థం చేసుకోగలిగితే, రెస్ట్ ఏపీఐ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మార్గం), యాన్సిబుల్ (పరికరాలను ఒకేసారి అమర్చే సాధనం) ఏం చేస్తాయో వివరించగలిగితే మీ స్థాయికి చాలు. అక్కడ పైథాన్ నేర్చుకోవాలేమోనని ఆగిపోకండి.

రోజుకు రెండు గంటలు తక్కువేమీ కాదు. షిఫ్టు ముగిసి వచ్చిన రోజు కొత్త అధ్యాయం తెరవవద్దు, ల్యాబ్ మాత్రం చేయండి, ఎందుకంటే అలసిన మనిషికి పుస్తకం ముందు నిద్ర వస్తుంది గానీ తెగిపోయిన లింకును బాగుచేస్తున్నప్పుడు రాదు. చదవడానికి సెలవు రోజు ఉంచుకోండి. గదిలో నలుగురు ఉండి చదువు సాగకపోతే ఎర్రగడ్డలో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో గ్రీన్ లైన్‌కు మారితే చిక్కడపల్లి స్టేషన్ వస్తుంది. అక్కడి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పోటీ పరీక్షల అభ్యర్థుల మధ్య కూర్చుంటే చదవాలన్న పట్టుదల తానుగా పుడుతుంది. మీ మొదటి ప్రయత్నం పూర్తిగా వృథా కాలేదు కాబట్టి మూడు నాలుగు నెలల గడువు పెట్టుకోవడం సమంజసం. నిబంధన ప్రకారం ఫెయిలైన తర్వాత 5 రోజులు ఆగితే మళ్లీ రాయవచ్చు గానీ, ఆ తొందర మీకు మేలు చేయదు. ఫీజు 300 డాలర్లు, పన్నుతో కలిపితే మన రూపాయల్లో పాతిక వేలు దాటే మొత్తం. ప్రాక్టీస్ పరీక్షల్లో రౌటింగ్ ప్రశ్నలకు జవాబు మాత్రమే కాకుండా మిగతా మూడు ఎందుకు తప్పో కూడా చెప్పగలుగుతున్నానని మీకు నమ్మకం కలిగిన రోజున బుక్ చేయండి.

ఇన్‌స్టిట్యూట్‌కు మళ్లీ ఫీజు కట్టవద్దు. ఒకసారి కోర్సు విన్నారు, ఇక మీకు కావలసింది సాధన. రూటర్లు, స్విచ్‌లు కొనాలన్న ఆలోచన కూడా అవసరం లేదు. ప్యాకెట్ ట్రేసర్‌లో ఎంటీయూ వంటి కొన్ని ప్రయోగాలు సరిగా సాగకపోతే సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో ఐదు నోడ్ల (రూటర్ వంటి పరికరాల) వరకు నడుపుకోవచ్చు, మీ ల్యాప్‌టాప్‌లో తగినంత మెమరీ ఉంటే చాలు. మీ సొంత వైఫై ట్రాఫిక్‌ను వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్‌లో పట్టి డీహెచ్‌సీపీ నాలుగు సందేశాలనూ కళ్లారా చూడండి.

ఇంగ్లిషు గురించి మీరు పడుతున్న సంకోచం నాకు అర్థమవుతుంది. విషయాన్ని మాత్రం నిస్సంకోచంగా తెలుగులోనే ఆలోచించండి. స్పానింగ్ ట్రీలో (స్విచ్‌ల మధ్య ప్యాకెట్లు గుండ్రంగా తిరగకుండా ఆపే పద్ధతి) రూట్ బ్రిడ్జి, అంటే మూల స్విచ్, ఎలా ఎన్నికవుతుందో మీ ఊళ్లో తమ్ముడికి ఫోన్‌లో తెలుగులో చెప్పగలిగితే మీకు అది వచ్చినట్టే. ప్రశ్నలు చదివే అలవాటు విడిగా చేసుకోవాలి. రోజుకు కొన్ని ప్రశ్నలు ఇంగ్లిషులో చదివి, జవాబు వెతకకుండా, అసలు ఏమి అడిగారో ఒక్క తెలుగు వాక్యంలో రాయండి. ఎన్ని జవాబులు ఎంచుకోమన్నారు, సరైనది అడిగారా, సరికానిది అడిగారా అన్నది ముందు గమనించండి. పరీక్షలో కనిపించే భాష పరిమితం, కొన్ని వారాల్లో అలవాటవుతుంది.

మీ రూమ్మేట్ మాటను కొట్టిపారేయడం లేదు. ఉద్యోగాలు క్లౌడ్ వైపు పెరుగుతున్నాయన్నది నిజమే. అయితే క్లౌడ్‌లో వర్చువల్ నెట్‌వర్క్ గీసే రోజున మొదట అడిగేది ఏ ప్రైవేటు చిరునామాల బ్లాకు తీసుకుంటారు, దాన్ని ఎన్ని సబ్‌నెట్లుగా విడదీస్తారు, ఏ రౌట్ టేబుల్ ఏ సబ్‌నెట్‌కు తగిలిస్తారు అని. ఇప్పుడు మీరు నేర్చుకుంటున్నది అక్కడ మొదటి రోజే అక్కరకు వస్తుంది. సీసీఎన్‌ఏ మూడేళ్లు చెల్లుతుంది, ఆ వ్యవధిలో క్లౌడ్ సర్టిఫికేషన్ రాసేందుకు మీకు చాలినంత సమయం ఉంటుంది. దీనికన్నా తేలికని ఎవరైనా కాంప్‌టియా నెట్‌వర్క్ ప్లస్‌ను సూచిస్తే, అది మంచి పరీక్షే గానీ కాన్ఫిగరేషన్ అంతగా అడగదు, మీరు వెళ్లదలచిన నెట్‌వర్క్ సపోర్టు ఉద్యోగాలకు ఇక్కడి కంపెనీలు ఎక్కువగా సీసీఎన్‌ఏనే అడుగుతాయి. ఇంత దూరం వచ్చాక దారి మార్చవద్దని నా సలహా.

మీ ఉద్యోగం గురించి ఒక సూచన. మీ కంపెనీలో నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్ ఉంటుంది కదా, లింకు పడిపోయినప్పుడు మీరు ఫోన్ చేసేది వాళ్లకే. అక్కడ పనిచేసే ఒకరిద్దరితో పరిచయం పెంచుకుని, ఫిర్యాదు మూసేసిన తర్వాత అవతలి వైపు ఏం కనిపించింది, ఏం సరిచేశారు అని అడిగి తెలుసుకోండి. సర్టిఫికెట్ వచ్చిన రోజున బయట దరఖాస్తులు పెట్టే ముందు అక్కడే ఖాళీ ఉందేమో కనుక్కోండి. ఫైబర్ స్ప్లైసింగ్ తెలిసి, కస్టమర్ ఇంట్లో ఏం జరుగుతుందో చూసి, రౌటింగ్ కూడా వచ్చిన మనిషి ఆ గదిలో అరుదు. సర్టిఫికెట్ ఒక్కటే ఉన్న కొత్తవాడి కన్నా అలాంటి మనిషినే నేను ముందుగా తీసుకుంటాను.

చివరిగా, బుకింగ్ సమయంలో మన తెలుగువాళ్లకు తరచుగా తగిలే చిక్కు ఒకటి. పరీక్ష నిర్వహించే పియర్సన్ వ్యూ ఖాతాలో ఉన్న పేరు, పరీక్ష రోజున చూపించే గుర్తింపు కార్డు మీది పేరు ఒకేలా ఉండాలి. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాన్ కార్డులో పేరు ముందో వెనకో పడుతుంది. మీరు మొదటిసారి రాసినప్పుడు ఇబ్బంది రాకపోయినా, కార్డు ఏదైనా మార్చుకుని ఉంటే ఆ తేడాను బుక్ చేయకముందే సరిచేయించుకోండి. ఏయే కార్డులు చెల్లుతాయో బుకింగ్ పేజీలోనే చూసుకోండి. ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో రాసే వీలు ఉన్నా, నలుగురు ఉండే గదిలో మీరొక్కరే ఉండి నిశ్శబ్దంగా రాయడం కష్టం కాబట్టి పరీక్షా కేంద్రాన్నే ఎంచుకోండి, ముందు రాత్రి షిఫ్టు పడకుండా సూపర్‌వైజర్‌తో ఇప్పటి నుంచే మాట్లాడి పెట్టుకోండి.